సాయంత్రం ఆరు నుంచి పది దాకా: ఒక సోబర్ హోమ్ కేసు

సోబర్ హోమ్‌లో, అంటే తాగుడు మానినవాళ్ళు కలిసి ఉండే ఇంట్లో, ఉండి మానిన ఒకాయన కేసు రాద్దామని చాలా రోజులుగా అనుకుంటూనే ఉన్నా, ఇప్పటికి కుదిరింది. ఆయన్ని అడిగి, ఆయన సరే అన్నాకే రాస్తున్నా. పేరు ఎలాగూ రాయను, గుర్తుపట్టే వివరాలు కొన్ని మార్చాను, మిగతాదంతా జరిగింది జరిగినట్టే, నేను చేసిన తప్పుతో సహా. నాలాగా అడిక్షన్ కౌన్సెలింగ్ చేసేవాళ్ళకీ, ఇంట్లో తాగే మనిషిని పెట్టుకుని ఏం చేయాలో తోచనివాళ్ళకీ పనికొస్తుందని నమ్మకం.

మనిషి, తాగుడు

మొదటిసారి నా దగ్గరికి వచ్చినప్పుడు ఆయనకి 41 ఏళ్ళు. ఎలక్ట్రీషియన్, కొత్త బిల్డింగుల్లో వైరింగ్ పని, చేతికింద నలుగురు కుర్రాళ్ళు. భార్య, పదమూడేళ్ళ కూతురు. తాగుడు 19వ ఏట మొదలైంది, ముప్పై దాటాక రోజువారీ అయిపోయింది, ఆఖరి రెండేళ్ళు పొద్దున్న లేవగానే కూడా పడాల్సి వచ్చేది, ఎందుకంటే పడకపోతే చేతులు వణికి టెస్టర్ కూడా పట్టుకోలేకపోయేవాడు. చుట్టాలంతా "పొద్దున్నే తాగేంతగా దిగజారాడు" అనేవాళ్ళట, కానీ ఆ దశకి వచ్చిన మనిషి సరదాకి తాగట్లేదు, వణుకు ఆపుకోవడానికి తాగుతున్నాడు, ఆ తేడా ఇంట్లోవాళ్ళకి ఎవరూ చెప్పలేదు. డబ్ల్యూహెచ్‌ఓ వాళ్ళ ఆడిట్ అనే పది ప్రశ్నల ఫారం ఉంటుంది, మొత్తం 40 మార్కులు, 20 గానీ ఆ పైన గానీ వస్తే డిపెండెన్స్, అంటే తాగకపోతే ఒళ్ళు నడవని స్థితి, ఉందేమోనని గట్టిగా చూస్తాం. ఈయనకి 29 వచ్చింది.

కూతురు చెప్పిన మాట ఒకటి నా నోట్సులో అలాగే ఉంది. నాన్న బండి స్టాండ్ వేసే చప్పుడు బట్టి ఎంత తాగాడో చెప్పేస్తా అంది. ఒక్క దెబ్బకి స్టాండ్ పడితే పర్లేదు, పుస్తకాలు వేసుకుని హాల్లోనే కూర్చోవచ్చు, అదే కాలితో రెండు మూడుసార్లు వెతుక్కుంటున్న చప్పుడు వస్తే లోపలి గదిలోకి పోయి తలుపేసుకోవాలి. ఈ మాట ఆ పిల్ల ఏడుస్తూ చెప్పలేదు, స్కూలు టైంటేబుల్ చెప్పినట్టు చెప్పింది.

మొదటి అడ్మిషన్, నా తప్పు

మొదటిసారి సెంటర్లో 21 రోజులు ఉన్నాడు. డిటాక్స్, అంటే ఒంట్లోంచి మందు దింపే వైద్యం, సజావుగానే జరిగింది, డాక్టర్ విత్‌డ్రాయల్‌కి, అంటే మందు ఆగాక వచ్చే వణుకు లాంటివాటికి, మాత్రలు ఇచ్చి రోజురోజుకీ తగ్గించారు, థయమిన్ అనే విటమిన్ ఇంజెక్షన్లు ఇచ్చారు, నాలుగైదు రోజులకి వణుకు పోయింది, పదో రోజుకి నిద్ర కాస్త పట్టింది. మిగతా రోజులు నా దగ్గర సెషన్లు. ట్రిగ్గర్ల, అంటే తాగాలనిపించేలా చేసేవాటి, లిస్టు రాయించా, క్రేవింగ్, అంటే తాగాలనే తపన, వస్తే ఏం చేయాలో కార్డులు తయారుచేయించా, ఎవరికి ఫోన్ చేయాలో నంబర్లు రాయించా. ఆకలి, కోపం, ఒంటరితనం, అలసట, ఈ నాలుగూ ముదరకుండా చూసుకోమని గోడకి అంటించుకునే కాగితం కూడా ఇచ్చా. డిశ్చార్జ్ రోజు ఫైలు ఎంత లావుగా ఉందంటే నాకే తృప్తిగా అనిపించింది.

తొమ్మిదో రోజు తాగాడు.

తర్వాత ఎప్పటికో కూర్చోబెట్టి ఆ తొమ్మిది రోజులూ గంటగంటకీ చెప్పించుకున్నా. పగలంతా బాగానే ఉండేదట, పనిలో చేతులు, మనసు రెండూ ఉండేవి. సాయంత్రం అయిదున్నరకి పని దిగేవాడు, ఆరుకి ఇల్లు. స్నానం చేసి కూర్చుంటే అక్కడి నుంచి పది దాకా నాలుగు గంటలు, ఏళ్ళ తరబడి ఆ నాలుగు గంటల్లో తాగడం తప్ప ఆయన ఇంకేమీ చేయలేదు, అసలు ఆ టైంలో తాగని మనుషులు ఏం చేస్తారో ఆయనకి తెలీదు. భార్య వంటింట్లోంచి ఓ కన్నేసి ఉంచేది. చొక్కా జేబులు చూసేది, దగ్గరికొచ్చి వాసన చూసేది, బాత్రూంలో కాస్త లేటైతే తలుపు తట్టేది. ఆమెని తప్పుపట్టలేం, అన్నేళ్ళు పడ్డ మనిషి. "ఆ ఇంట్లో అందరూ నా మొహమే చూస్తున్నారు మేడమ్, నేను మాత్రం ఎక్కడ చూడాలో తెలీలేదు" అన్నాడు. తొమ్మిదో రోజు సాయంత్రం పాత జట్టువాడు ఫోన్ చేసి ఊరికే రా, కూర్చుని పో అన్నాడు, వెళ్ళాడు.

ఇక్కడే నాకు బుద్ధి వచ్చింది. పొద్దున తాగేది ఒంటి కోసం, సాయంత్రం తాగేది మనుషుల కోసం. డిటాక్స్ మొదటిదాన్ని వారంలో తీసేస్తుంది, రెండోదాని జోలికే పోదు. నా ఫైలులో అన్నీ అడిగాను గానీ సాయంత్రం ఆరింటికి మీ పక్కన ఎవరుంటారు అని అడగలేదు. అడిగి ఉంటే ఎవరూ లేరని అప్పుడే తేలేది, కాపలా కాసే ఇద్దరు తప్ప.

రెండోసారి ఇంకా దారుణంగా వచ్చాడు. తాగినందుకు సిగ్గుపడి మా దగ్గరికి రావడం మానేశాడు, అయిదు నెలలు గడిచాక ఒక రాత్రి కూతురి మీద ఒట్టేసి, ఎవరికీ చెప్పకుండా, ఒక్కసారిగా మానేశాడు. మర్నాడు సాయంత్రం హాల్లోనే ఫిట్స్ వచ్చాయి, పిల్ల ముందే. ఇది చదివేవాళ్ళు దయచేసి గుర్తుపెట్టుకోండి, రోజూ గట్టిగా తాగే మనిషి డాక్టర్ లేకుండా ఉన్నట్టుండి ఆపేయడం ప్రమాదం. ఫిట్స్ సాధారణంగా ఆఖరి పెగ్గు తర్వాత 6 నుంచి 48 గంటల్లో వస్తాయి, లేనివి కనిపించడం, ఎక్కడున్నాడో తెలీకపోవడం, ఒళ్ళు కాలిపోవడం లాంటి డెలీరియం 48 నుంచి 96 గంటల మధ్య, దానికి ప్రాణాలు కూడా పోతాయి. పట్టుదల ఉంటే చాలు అనే మాట ఈ విషయంలో మనుషుల్ని చంపుతుంది.

ఇల్లు

రెండో డిటాక్స్ అయ్యాక ఇంటికి పంపనని చెప్పా. భార్య ఊపిరి పీల్చుకుంది, ఆయన ముఖం మాడిపోయింది, ఇంట్లోంచి గెంటేస్తున్నారనే అనుకున్నాడు.

పంపింది ఒక సోబర్ హోమ్‌కి. ఇది ఆస్పత్రి కాదు, రిహాబ్ సెంటర్ కూడా కాదు. అద్దెకి తీసుకున్న మామూలు ఇల్లు, మూడు పడక గదులు, అప్పటికి ఎనిమిదిమంది, ఈయన తొమ్మిదో మనిషి. వార్డెన్ లేడు, కౌన్సెలర్ లేడు, వంటమనిషి లేదు. అద్దె, కరెంటు, సరుకులు అందరూ సమానంగా వేసుకుంటారు, పగలు ఎవరి పనికి వాళ్ళు పోతారు, తలుపుకి తాళం వేసి ఎవరినీ ఆపరు, వెళ్ళిపోవాలంటే ఏ క్షణమైనా వెళ్ళిపోవచ్చు.

ఈ పద్ధతికి పేరొచ్చింది ఆక్స్‌ఫర్డ్ హౌస్‌లతో. 1975లో అమెరికాలోని మేరీలాండ్‌లో, సిల్వర్ స్ప్రింగ్ అనే చోట, పాల్ మొలోయ్, ఆయనతోపాటు ఉన్నవాళ్ళు మొదలుపెట్టారు. వాళ్ళు ఉంటున్న హాఫ్‌వే హౌస్ (ట్రీట్‌మెంట్ అయ్యాక కొన్నాళ్ళు ఉండే ఇల్లు) మూతపడబోతుంటే ఆ ఇంటిని తామే అద్దెకి తీసుకుని తామే నడుపుకున్నారు. సూత్రాలు మూడే. ఇంటిని ఉండేవాళ్ళే ఓట్లతో నడుపుకోవాలి, ఖర్చులు తామే భరించాలి, మళ్ళీ తాగినవాళ్ళు వెంటనే బయటికి పోవాలి. కొత్తవాళ్ళని తీసుకోవాలన్నా ఉన్నవాళ్ళలో 80 శాతం ఒప్పుకోవాలి. నేను పంపిన ఇల్లు ఆ సంస్థది కాదు గానీ దాదాపు ఆ దారిలోనే నడిచేది.

చేర్చుకునే ముందు ఆ ఎనిమిదిమంది ఈయన్ని ఇంటర్వ్యూ చేశారు, నన్ను బయట కూర్చోమన్నారు. లోపల ఏం అడిగారో తర్వాత చెప్పాడు. ఎందుకు మానాలనుకుంటున్నావు అని ఒక్కరూ అడగలేదట. వంట వచ్చా, గురక పెడతావా, నువ్వు తాగితే ఆ రాత్రి నిన్ను ఎక్కడ దింపాలి, ఇవీ ప్రశ్నలు. మూడోదానికి జవాబు ఫారంలో రాసి సంతకం పెట్టాలి, అక్క వాళ్ళ ఇల్లు అని రాశాడు, వాళ్ళు అక్కడికక్కడే ఆమెకి ఫోన్ చేసి కనుక్కున్నారు. ఇన్నేళ్ళ అనుభవంలో నా డిశ్చార్జ్ ఫారంలో లేని ప్రశ్న అది.

ఆ ఇంట్లో నాకు బాగా నచ్చింది తలుపు పక్కన గోడకున్న ఒక చెక్క. దాని మీద తొమ్మిది మేకులు, మేకు మేకుకీ ఒక పేరు. బయటికెళ్ళేటప్పుడు తాళంచెవి తీసుకుపోవాలి, రాగానే మేకుకి తగిలించాలి. రాత్రి ఏడింటికి భోజనం, ఏడుంపావుకి ఎవరో ఒకరు చెక్క వైపు చూస్తారు. మేకు ఖాళీగా ఉండి ఫోన్ రాకపోతే ఇద్దరు లేచి చెప్పులేసుకుంటారు. అంతే, అంతకుమించి సిస్టం ఏమీ లేదు. బ్రీత్ అనలైజర్ కూడా ఉంది, ఎవరు ఎవరినైనా ఊదమనవచ్చు, ఆరేళ్ళుగా ముట్టని పెద్దాయనని కూడా నిన్న చేరిన కుర్రాడు ఊదమనవచ్చు. ఇంట్లో భార్య వాసన చూస్తే అనుమానం, అవమానం, ఇక్కడ అదే పని అందరికీ జరిగేసరికి పళ్ళు తోముకోవడం లాంటిది అయిపోయింది. భార్య ఇరవై నాలుగ్గంటలూ చేస్తున్న పోలీసు డ్యూటీ అక్కడితో దిగిపోయింది, ఇది ఆ ఇల్లు ఆమెకి చేసిన మేలు, దీని గురించి ఎవరూ మాట్లాడరు.

మాత్ర మీద గొడవ

రెండో వారంలో చిక్కొచ్చింది. డాక్టర్ ఈయనకి నాల్ట్రెక్సోన్ రాశారు, రోజుకి 50 ఎంజీ, లివర్ టెస్టులు చూసుకునే ఇచ్చారు. ఇంట్లో ఒకాయన అభ్యంతరం పెట్టాడు, మందు మానడానికి మళ్ళీ మందేంటి, ఇక్కడ అందరం ఏమీ వేసుకోకుండానే మానాం కదా అని. మన భాషలో రెండింటికీ ఒకటే మాట కావడం వల్ల ఈ వాదన చాలా బలంగా వినపడుతుంది. హౌస్ మీటింగ్‌కి నన్ను రమ్మన్నారు. నేను వెళ్ళి చెప్పింది ఇంతే: ఈ మాత్ర మత్తు ఇవ్వదు, అలవాటు పడదు, తాగితే వచ్చే ఆ హాయిని మొద్దుబారుస్తుంది, క్రేవింగ్ కొందరికి బాగా తగ్గిస్తుంది, బీపీ మాత్రలా డాక్టర్ చెప్పినన్నాళ్ళు వేసుకుంటాడు. పెద్దాయన అప్పటిదాకా ఏమీ మాట్లాడలేదు, ఆఖర్న "నాకు షుగర్ మాత్ర ఉంది, అది తీసి పారేయమంటావా?" అని ఆయన్నే అడిగాడు. విషయం అక్కడితో తేలిపోయింది. నేను గంట మాట్లాడినా రాని ఫలితం ఆ ఒక్క ప్రశ్నతో వచ్చింది, ఎందుకంటే అడిగింది తాగి మానిన మనిషి.

మాత్రలు వేసుకునేవాళ్ళని రానివ్వని ఇళ్ళు ఇప్పటికీ ఉన్నాయి. ముఖ్యంగా హెరాయిన్ లాంటివి వాడినవాళ్ళు, వాటి బదులు డాక్టర్ ఇచ్చే బుప్రెనార్ఫిన్ మీదో మెథడోన్ మీదో ఉంటే నువ్వు క్లీన్ కాదు అంటారు. ఇది తప్పు, పైగా ప్రాణాంతకం. ఆ మందు ఆపించి, కొన్నాళ్ళ తర్వాత మనిషి మళ్ళీ పాత డోసు తీసుకుంటే ఒళ్ళు తట్టుకోదు, అలవాటు తగ్గిపోయి ఉంటుంది కాబట్టి ఊపిరి ఆగిపోవచ్చు. అలాంటివాళ్ళు ఉండే ఇంట్లో నాలోక్సోన్, అంటే ఓవర్‌డోసుకి విరుగుడు మందు, అందుబాటులో ఉండాలి, వాడటం అందరికీ తెలిసి ఉండాలి, అంతేగానీ మాత్ర వేసుకుంటున్నాడని బయటికి పంపకూడదు.

75వ రోజు

ఆ రోజు చెడ్డ రోజు కాదు, చాలా మంచి రోజు. ఏడాదిగా సాగిన బిల్డింగ్ వైరింగ్ పూర్తయింది, మెయిన్ వేస్తే ఒక్క లైటు కూడా కొట్టుకోకుండా అన్ని ఫ్లోర్లూ వెలిగాయి, ఆగిపోయిన బిల్లు చేతికొచ్చింది. మేమిద్దరం తయారుచేసుకున్న ప్లాన్లన్నీ గొడవలకి, అవమానాలకి, నిద్రపట్టని రాత్రులకి, సంతోషం వస్తే ఏం చేయాలో ఒక్క ముక్క రాసుకోలేదు. సైట్లోనే కుర్రాళ్ళు సీసా తెరిచారు, ఆరున్నర దాటింది, గ్లాసు చేతికిచ్చారు.

ఏడుంపావుకి చెక్క మీద మేకు ఖాళీ. ఫోన్ చేస్తే ఎత్తలేదు. పెద్దాయన, ఇంకో కుర్రాడు బండేసుకుని సైటుకి పోయారు, ఎక్కడ పని చేస్తున్నాడో వాళ్ళకి తెలుసు, ప్రతి ఒక్కరూ రోజూ పొద్దున చెప్పి వెళ్తారు. వీళ్ళు వెళ్ళేసరికి మూడో గ్లాసులో ఉన్నాడు. తిట్టలేదు, చెయ్యి పట్టి లాగలేదు. పెద్దాయన పక్కన ఇసుక కుప్ప మీద కూర్చుని "లేద్దామా తమ్ముడూ" అన్నాడట. గ్లాసు కింద పెట్టి లేచాడు.

ఇక్కడ రూలు రూలే. ఆ రాత్రి ఇంట్లో పడుకోనివ్వలేదు, బట్టల సంచీ తెచ్చి ఇచ్చి, అక్క వాళ్ళ ఇంటిదాకా దింపి, ఆమె తలుపు తీసేదాకా ఉండి వచ్చారు. పొద్దున ఎనిమిదింటికి పెద్దాయనే నాకు ఫోన్ చేశాడు, మధ్యాహ్నానికి ఈయన నా ముందు ఉన్నాడు.

తాగినవాడిని బయటికి పంపే రూలు మీద నాకు మొదట్లో చాలా కోపం ఉండేది, జబ్బు తిరగబెట్టిన రోజే పేషెంటుని వెళ్ళగొట్టడం ఏం వైద్యం అనుకునేదాన్ని. ఇప్పుడు నా అభిప్రాయం కొంచెం మారింది. ఒకరు తాగొచ్చి పడుకుంటే మిగతా ఎనిమిదిమందికి ఆ రాత్రి నరకం, ఆ వాసన చాలు, ఇది వాళ్ళ ప్రాణాల సంగతి కూడా. కానీ పంపడం అంటే రోడ్డు మీదకి పంపడం అయితే నేను ఇప్పటికీ ఒప్పుకోను. ఎక్కడ దింపాలో ముందే రాయించుకున్న ఇల్లు వేరు, సంచీ బయట పడేసిన ఇల్లు వేరు.

ఇంకో విషయం, ఆయన ఆ రోజు మూడు గ్లాసుల దగ్గర ఆగాడు. మొదటిసారి తొమ్మిదో రోజు తాగినప్పుడు అయిదు నెలలు తాగాడు. అలన్ మార్లాట్ అనే సైకాలజిస్ట్ రిలాప్స్ (మానాక మళ్ళీ తాగుడులో పడటం) మీద చేసిన పనిలో ఇది చాలా ముఖ్యమైన మాట: మానిన మనిషి ఒక్కసారి జారితే, ఆ జారడం కన్నా ఆ తర్వాత వచ్చే "అంతా అయిపోయింది, నేనింతే" అనే ఆలోచన మనిషిని పూర్తిగా ముంచుతుంది. దాన్ని స్లిప్ దగ్గరే ఆపాలంటే ఆ గంటలోనే ఎవరైనా చేరాలి. నేను మర్నాడు గానీ చేరలేను, అపాయింట్‌మెంట్ అంటే వచ్చే వారం. వాళ్ళు నలభై నిమిషాల్లో చేరారు.

పదిహేను రోజుల తర్వాత మళ్ళీ ఓటింగ్ పెట్టారు. ఒకరు వద్దన్నారు, ఏడుగురు సరే అన్నారు. వద్దన్నది మాత్ర గొడవ పెట్టినాయనే, కానీ ఓటు అయిపోయాక లేచి ఈయన మంచం మీద దుప్పటి పరిచింది కూడా ఆయనే అని విన్నా. లెక్క మళ్ళీ ఒకటి నుంచి మొదలైంది. ఆయన దానికి చాలా బాధపడ్డాడు, 74 పోయింది అని. నేను మాత్రం ఆ 74 ఎక్కడికీ పోలేదని, 75 రోజుల్లో 74 రోజులు తాగలేదని కాగితం మీద రాసి చూపించా.

ఆధారాలు ఏమంటున్నాయి

ఒక్క కేసు చూపించి ఇదే మార్గం అనడం నాకు ఇష్టం ఉండదు కాబట్టి చెప్తున్నా. అమెరికాలోని డిపాల్ యూనివర్సిటీలో లియోనార్డ్ జేసన్ టీమ్ చేసిన స్టడీ 2006లో వచ్చింది. ట్రీట్‌మెంట్ పూర్తయిన 150 మందిని లాటరీ పద్ధతిలో విడదీసి సగం మందిని ఆక్స్‌ఫర్డ్ హౌస్‌లకి, సగం మందిని మామూలు ఫాలోఅప్‌కి పంపారు. రెండేళ్ళకి చూస్తే, మళ్ళీ వాడుతున్నవాళ్ళు ఇళ్ళల్లో ఉన్న గుంపులో 31.3 శాతం, మామూలు ఫాలోఅప్ గుంపులో 64.8 శాతం. అంటే సగానికి సగం తేడా. ఇళ్ళకెళ్ళినా ముగ్గురిలో ఒకరు వాడుతున్నారన్నది కూడా ఈ లెక్కలోనే ఉంది, అది దాచి కుటుంబాలకి ఆశ అమ్మకూడదు.

మీటింగుల విషయానికొస్తే, తాగుడు మానాలనుకునేవాళ్ళు కలిసి కూర్చుని మాట్లాడుకునే ఆల్కహాలిక్స్ అనానిమస్ 1935లో మొదలైంది, చాలాకాలం మా ఫీల్డులో కొంతమంది దాన్ని భజన అని కొట్టిపారేసేవాళ్ళు. 2020లో, వైద్య పరిశోధనలన్నీ కలిపి బేరీజు వేసే కొక్రేన్ రివ్యూ వచ్చింది, 27 స్టడీలు, 10,565 మంది. మీటింగులకి పద్ధతిగా చేర్పించే ట్రీట్‌మెంట్‌లో ఏడాదికి పూర్తిగా మానినవాళ్ళు 42 శాతం, సీబీటీ (ఆలోచనలు, అలవాట్లు మార్చే థెరపీ) లాంటి మిగతా పద్ధతుల్లో 35 శాతం. ఈయనకి మొదట్లో మీటింగులు పడలేదు, దేవుడి మాటలు ఎక్కువ అన్నాడు. నాలుగు వేర్వేరు మీటింగులు తిరిగాక ఒకటి నచ్చింది, ఎందుకంటే అక్కడ ఇంకో ఎలక్ట్రీషియన్ ఉన్నాడు. కారణం ఏదైతేనేం.

సాయంత్రాల గురించి నాకన్నా ముందే ఆలోచించినవాళ్ళు కూడా ఉన్నారు. 1973లో హంట్, అజ్రిన్ అనే ఇద్దరు కమ్యూనిటీ రీఇన్‌ఫోర్స్‌మెంట్ అనే పద్ధతి రాశారు. ఉద్యోగం, కుటుంబం, స్నేహాలు, తీరిక, అన్నీ మందు లేకుండా కూడా బాగుండేలా సర్దడం దాని సారం. ట్రీట్‌మెంట్ అయినవాళ్ళు సాయంత్రాలు గడపడానికి వాళ్ళు ఒకప్పటి మందు బారునే క్లబ్బుగా మార్చారు, ఆటలు ఆడుకోవచ్చు, డాన్స్ చేయొచ్చు, తాగి వస్తే మాత్రం లోపలికి రానివ్వరు. చదివినప్పుడు అదేదో వింతగా అనిపించింది, ఈ కేసు తర్వాత మళ్ళీ చదివితే ఒళ్ళు జలదరించింది.

భార్య

ఆమె గురించి విడిగా రాయాలి. నాలుగో నెలలో ఒంటరిగా వచ్చి నా ముందు బాగా కోప్పడింది. "తాగినన్నాళ్ళూ నేను పడ్డాను, ఇప్పుడు మంచిగా అయ్యేసరికి ఆ ఎనిమిదిమందితో సంసారం చేస్తున్నాడు, ఏ మాటైనా వాళ్ళకే ముందు చెప్తున్నాడు" అంది. ఇది అసూయ అని కొట్టేస్తే మనకి పని రానట్టే. ఆమె బాధ నిజం. పదిహేనేళ్ళు ఆమె పడ్డదానికి ఇంకా ఎవరూ క్షమాపణ చెప్పలేదు, అందరూ ఆయన ఎన్ని రోజులైందో లెక్కపెడుతున్నారు, ఆమె రోజులు ఎవరూ లెక్కపెట్టట్లేదు. కుటుంబాల కోసం నడిచే గ్రూపులు ఉన్నాయి, అల్-అనాన్ 1951 నుంచీ ఉంది. ఆమెని అలాంటి గ్రూపుకి పంపితే మొదటి రెండుసార్లు నోరు విప్పలేదు, మూడోసారి గంటసేపు మాట్లాడిందట. అప్పటి నుంచి నా దగ్గరికి వచ్చినప్పుడు ఆయన గురించి కాకుండా తన నడుంనొప్పి గురించి, తను నేర్చుకుందామనుకున్న కుట్టుపని గురించి మాట్లాడటం మొదలుపెట్టింది, నాకు అది చాలా పెద్ద మార్పు.

బయటికి రావడం

తిరిగి చేరాక ఆ ఇంట్లో పదకొండు నెలలు ఉన్నాడు. ఒక్కసారిగా ఇంటికి పంపలేదు. ముందు ఆదివారం పగలు, తర్వాత శనివారం రాత్రి కూడా, తర్వాత వారంలో మూడు సాయంత్రాలు ఇంట్లో, మిగతావి అక్కడ. ప్రతిసారీ ముందే ముగ్గురం కూర్చుని ఆరు నుంచి పది దాకా ఎవరు ఏం చేస్తారో కాగితం మీద రాసుకున్నాం. కూతురికి లెక్కలు చెప్పబోయాడు, ఆ పిల్ల వద్దంది, నాన్న దగ్గర కూర్చోవడం అలవాటు లేదు, దాన్ని బలవంతం చేయొద్దని చెప్పా. దాని బదులు ఆ గంట ఇంట్లో పాడైన స్విచ్చులు, ఫ్యాన్లు బాగుచేయడం మొదలుపెట్టాడు, తర్వాత పక్కింటివాళ్ళవి. కొన్ని వారాలకి ఆ పిల్లే టార్చ్ పట్టుకుని నిలబడటం మొదలుపెట్టింది.

నిద్ర మాత్రం ఏడెనిమిది నెలలు సరిగ్గా పట్టలేదు. చాలామందికి ఇలాగే నెలల తరబడి ఉంటుంది, ఇది ముందే చెప్పకపోతే మానినా సుఖం లేదనుకుని మళ్ళీ మొదలుపెడతారు.

ఇల్లు వెతికేవాళ్ళకి

ఇలాంటి ఇల్లు కావాలని నాకు చాలామంది ఫోన్ చేస్తారు. నేను ముందు చెప్పేది, విత్‌డ్రాయల్ ఉన్న మనిషిని నేరుగా అక్కడికి తీసుకుపోవద్దు, ముందు ఆస్పత్రి. చచ్చిపోవాలని ఉందనేవాళ్ళకి, మాటలు వినపడుతున్నాయనేవాళ్ళకి కూడా ముందు డాక్టరే. ఆ తర్వాత ఇల్లు చూడ్డానికి వెళ్తే సాయంత్రం వెళ్ళండి, పగలు వెళ్తే ఖాళీ మంచాలే కనిపిస్తాయి. ఆరింటికి వెళ్ళి గంట కూర్చోండి, మనుషులు ఒకరితో ఒకరు మాట్లాడుకుంటున్నారా, ఎవరి ఫోన్లో వాళ్ళు పడి ఉన్నారా చూడండి. తలుపుకి బయటి నుంచి తాళం వేస్తుంటే, కొడతారని వింటే, కట్టేస్తారని వింటే వెనక్కి వచ్చేయండి, దానికి సోబర్ హోమ్ అని పేరు పెట్టుకున్నా అది అది కాదు. అక్కడుండేవాళ్ళ జీతం ఎవరి చేతికి పోతోందో అడగండి. డాక్టర్ రాసిన మాత్రలు ఉండనిస్తారా అడగండి. తాగితే ఆ రాత్రి ఎక్కడికి పంపుతారు అని అడగండి, దీనికి సరైన జవాబు రాకపోతే మిగతా జవాబులు ఎంత బాగున్నా నేను నా క్లయింట్‌ని పంపను.

ఇప్పుడు

ఆఖరి రివ్యూ నాటికి తాగక 26 నెలలు. మానసిక జబ్బుల్ని నిర్ధారించే డీఎస్‌ఎమ్-5 పుస్తకం లెక్క ప్రకారం ఏడాది దాటితే నిలకడైన రెమిషన్ (జబ్బు అదుపులో ఉండటం) అంటాం, ఫైలులో అలాగే రాశా. నాల్ట్రెక్సోన్ డాక్టర్ ఏడాది తర్వాత ఆపేశారు. లివర్ టెస్టులు మామూలుకొచ్చాయి. క్రేవింగ్ అప్పుడప్పుడూ వస్తుందన్నాడు, ముఖ్యంగా పని పూర్తయి మెయిన్ వేసే రోజుల్లో, ఆ రోజు సైట్లోంచి ఇంకో ఎలక్ట్రీషియన్‌కి, అదే మీటింగులో దొరికినాయనకి, ఫోన్ చేసి ఇల్లు చేరేదాకా మాట్లాడుతూనే ఉంటాడట. కూతుర్ని బండి స్టాండ్ చప్పుడు గురించి అడిగా. ఇంకా వింటానంది.

చెక్క మీద ఆయన మేకుకి ఇప్పుడు వేరే పేరు ఉంది, ఇరవై నాలుగేళ్ళ కుర్రాడు. ప్రతి బుధవారం సాయంత్రం ఈయన ఆ ఇంటికి వెళ్తాడు, వంట ఆ రోజు ఈయనదే. పోయిన నెల ఒక బుధవారం ఏడుంపావుకి ఆ మేకు ఖాళీగా కనిపించింది, చేస్తున్న వంట వేరేవాళ్ళకి అప్పగించి పెద్దాయనతో కలిసి బండి తీశాడు. కుర్రాడు బస్టాపులో కూర్చుని ఉన్నాడు, తాగలేదు, నాలుగు బస్సులు వదిలేసి ఊరికే కూర్చున్నాడు. ఈయన కూడా పక్కన కూర్చున్నాడట. అయిదో బస్సు కూడా వెళ్ళిపోయాక ముగ్గురూ బయల్దేరారు, ఎనిమిదింటికి తొమ్మిది తాళాలూ గోడ మీద ఉన్నాయి.